హనుమకొండలో కాగితం పనుల గ్రూప్ షో, విషయం పంచభూతాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

తర్వాత చదివేవాళ్లకు కూడా అర్థమయ్యేలా మీ ప్రశ్నను ముందు ఒకచోట పెడతాను. ఎనిమిది మంది కలిసి హనుమకొండలో గ్రూప్ షో పెట్టాలనుకుంటున్నారు. అన్నీ కాగితం మీద చేసిన పనులే, విషయం పంచభూతాలు. ముగ్గురు వాటర్ కలర్ వేస్తారు, ఇద్దరు చార్‌కోల్‌తో గీస్తారు, ఒకరిది లినోకట్ (లినోలియం పలకను చెక్కి తీసే అచ్చు), ఒకరిది సయనోటైప్ (ఎండతో తీసే నీలం అచ్చు), ఇంకొకరు చేర్యాల నకాశీ పద్ధతి, అంటే బట్ట మీద కథల బొమ్మలు వేసే పద్ధతి నేర్చుకున్నవారు. భూతానికో గోడ చొప్పున పంచుకున్నారు. జులైలో పెడదామని ఆలోచన. చేర్యాల పనికి బట్ట తీసుకురావచ్చా అని అడిగారు. ఫ్రేములు కట్టించాలా వద్దా, ఎలా వేలాడదీయాలి, ధరలు ఎలా పెట్టాలి అన్నది టెన్షన్.

నేను ప్రింట్లు వేస్తాను, మిగతా ఆర్టిస్టుల కాగితం పనులకు మౌంట్లు (ఫ్రేములో బొమ్మకు ముందూ వెనకా వేసే అట్టలు) కడతాను. ఉమ్మడి వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కాలేజీ హాళ్లలోనూ, లైబ్రరీ గదుల్లోనూ చాలా షోలు గోడకెక్కించాను. ఆ అనుభవంతో చెప్తున్నాను.

అన్నిటికంటే ముందు చెప్పాల్సింది ఒకటుంది. మంట బొమ్మ, అల బొమ్మ, మబ్బుల బొమ్మ వేసి పంచభూతాలు అనకండి. నిప్పు, నీరు, గాలి, మట్టి స్వయంగా వచ్చి మీ కాగితం మీద ఏదో ఒకటి చేయాలి. కాన్వాస్‌కు ప్రైమర్ కొట్టి, ఆయిల్ రంగు వేస్తే దాని మీద నీటిచుక్క పడినా జారిపోతుంది. కాగితం అలా కాదు. తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే ముడుచుకుంటుంది, ఎండకు రంగు మారుతుంది, గాలిలో తేమ పెరిగితే అంచులు లేస్తాయి, మట్టి పూస్తే పీల్చుకుంటుంది. పంచభూతాలకు ఇంతగా లొంగే వస్తువును ఎంచుకున్నారు కాబట్టి దాని బలం వాడుకోండి. ఆ భూతాలే కాగితాన్ని పాడు కూడా చేస్తాయి. అందుకే మీ షోలో బొమ్మ వేయడం, దాన్ని కాపాడటం రెండు వేరు పనులు కావు. వేసేటప్పుడు నీటిని ఎంతవరకు రానివ్వాలో, వేలాడదీసేటప్పుడు ఎక్కడ ఆపాలో ఒకే చేత్తో తేల్చుకోవాలి.

జులై మాత్రం వద్దు. గాలిలో తేమ 65, 70 శాతం దాటి కొన్నాళ్లు అలాగే ఉంటే కాగితానికి బూజు పట్టే ప్రమాదం ఉంటుంది. మన దగ్గర జులై నుంచి సెప్టెంబరు దాకా చాలా రోజులు అలాగే ఉంటాయి. ఏసీ పగలంతా నడిపి రాత్రి ఆపేస్తే ఇంకా చేటు, ఎందుకంటే కాగితం రోజూ సాగి ముడుచుకుంటూ ఉంటుంది. వేసవిలో పెడితే బూజు బాధ లేదుగానీ, పగలు చూడటానికి ఎవరూ రారు. నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా బాగుంటుంది. ఒక జాగ్రత్త: మేడారం జాతర రెండేళ్లకోసారి మాఘమాసంలో వస్తుంది. ఆ ఏడాది ఆ వారంలో తేదీలు పెట్టొద్దు. ఊళ్లో సగం జనం అటే ఉంటారు, బండ్లు దొరకవు, బయటి నుంచి వచ్చేవాళ్లకు గది దొరకదు.

జులైని వదులుకోమన్నాను కానీ వానలను వదులుకోవద్దు. వానాకాలం మీకు పని చేసుకునే కాలం. వాటర్ కలర్ వేసే ముగ్గురూ ఈ వానల్లోనే పని మొదలుపెట్టండి.

కాగితం ఎంపిక దగ్గర పొదుపు చేయొద్దు. కనీసం 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు గ్రాముల్లో బరువు), వంద శాతం కాటన్, యాసిడ్ లేని కాగితం తీసుకోండి. ఫుల్ షీట్ 22 × 30 అంగుళాలు, సగం కోస్తే 15 × 22. అందరూ ఈ రెండు సైజుల్లోనే పని చేస్తే ఫ్రేములు తర్వాత షోకు కూడా పనికొస్తాయి, ఒకరివి ఒకరు వాడుకోవచ్చు. చెక్క గుజ్జుతో చేసిన చవక కాగితంలో లిగ్నిన్ ఉంటుంది. పాత దినపత్రిక పచ్చబడి పెళుసుగా విరిగిపోవడానికి కారణం అదే. కాటన్ కాగితంలో అది ఉండదు. కాటన్ అంటే చాలామందికి బట్టే గుర్తొస్తుంది. జిన్నింగ్‌లో పొడుగు పోగు తీసేశాక గింజకు అంటుకుని మిగిలే పొట్టి నూగు ఉంటుంది చూడండి, దాన్నుంచి కూడా ఈ కాగితం చేస్తారు. ఎనుమాముల పత్తి మార్కెట్ ఉన్న ఊళ్లో ఈ ముక్క చెప్పకుండా కాగితం షో పెట్టడం నాకు నచ్చదు.

అసలు ఉత్తర తెలంగాణకు కాగితంతో పాత చుట్టరికం ఉంది. నిజాం కాలంలో కోరుట్ల చేతికాగితానికి పేరు. పట్వారీలు లెక్కల పుస్తకాలకు ఆ కాగితమే వాడేవాళ్లు. అటు పైకి వెళ్తే సిర్పూర్ పేపర్ మిల్లు వల్ల ఒక ఊరికే కాగజ్‌నగర్ అని పేరొచ్చింది. ఆ మిల్లు 2014లో మూతపడి 2018లో మళ్లీ తెరుచుకుంది. లోపలికి రాగానే ఒక బల్ల వేసి, దాని మీద గింజతో ఉన్న పత్తి, కాటన్ కాగితం, చేతికాగితం, న్యూస్‌ప్రింట్, పచ్చబడిన పాత కాగితం పెట్టండి. ముట్టుకుని చూడమని రాయండి. గోడ మీదివి ముట్టుకోవద్దని చెప్పడానికి ముందు ఇవి ముట్టుకోనివ్వాలి. బడిపిల్లలు వచ్చినప్పుడు ఎక్కువసేపు నిలబడేది ఈ బల్ల దగ్గరే.

ఇప్పుడు మట్టి. మీ షోలో అన్నిటికంటే బలంగా రాగలిగింది ఇదేనని నా నమ్మకం. ట్యూబులో దొరికే బర్న్ట్ సియెన్నా అనే ఎర్రమట్టి రంగు కొనాల్సిన అవసరమే లేదు. చెల్క ఎర్రమట్టి, నల్లరేగడి, సుద్ద, ఇంటి గోడలకు పూసే జాజు, అన్నీ చేతికందే దూరంలో ఉన్నాయి. 2024 చివర్లో పూడిక తీయడానికి భద్రకాళి చెరువును ఖాళీ చేసినప్పుడు బయటపడిన ఒండ్రును చూసినవాళ్లకు తెలుసు, అదొక్కటే ఎన్ని రంగుల్లో ఉందో. ఎక్కడి మట్టి తెచ్చారో లేబుల్ మీద రాయండి. "పాకాల చెరువు కట్ట దిగువ మట్టి, తుమ్మబంక, కాగితం" అని ఉంటే చూసే మనిషి దగ్గరికి వచ్చి మళ్లీ చూస్తాడు.

మట్టిని రంగుగా మార్చడం కష్టమేమీ కాదు, ఓపిక కావాలి. బాగా ఎండబెట్టి, రోట్లో దంచి, పలచని బట్టలో జల్లించండి. గాజు సీసాలో వేసి నిండా నీళ్లు పోసి కలియబెట్టండి. అర నిమిషం ఆగితే ఇసుక, రాళ్లపొడి అడుగుకు దిగుతాయి. పైనున్న మబ్బునీళ్లను వేరే గిన్నెలోకి వంచుకోండి. మనకు కావలసింది ఆ మబ్బునీళ్లే. రాత్రంతా కదపకుండా ఉంచితే తేటనీళ్లు పైకి, మెత్తటి మట్టి అడుగుకు చేరతాయి. పై నీళ్లు పారబోసి మళ్లీ మంచినీళ్లు పోయండి. ఇలా కొన్నిసార్లు చేస్తే మట్టిలోని ఉప్పు కూడా పోతుంది. ఈ దశ వదిలేస్తే కొన్ని నెలల తర్వాత బొమ్మ మీద తెల్లటి పొడి తేలుతుంది. ఆరిన మట్టిని గాజుపలక మీద తుమ్మబంక నీళ్లతో నూరాలి. బంక ఒక పాలు, నీళ్లు రెండు పాళ్లు తూకంలో తీసుకుని, రాత్రి నానబెట్టి వడకట్టండి. పగలకుండా ఉండటానికి కాస్త తేనె, బూజు రాకుండా ఒక చుక్క లవంగనూనె. చిన్న కాగితం మీద పూసి ఆరాక వేలితో రుద్దండి. వేలికి రంగు అంటితే బంక చాలలేదు. మెరుస్తూ చిట్లితే బంక ఎక్కువైంది. ప్రతి మట్టికీ ఈ పాళ్లు వేరుగా వస్తాయి కాబట్టి ఒక నోట్‌బుక్‌లో మరకలతో సహా రాసి పెట్టుకోండి. నాకైతే ఆ నోట్‌బుక్‌ను కూడా షోలో పెట్టాలనిపిస్తుంది.

నల్లరేగడి ప్రత్యేకం. తడిస్తే ఉబ్బి, ఎండితే నెర్రెలిచ్చే గుణం దానిది. మే నెలలో పత్తి చేనులో కనిపించే నెర్రెలే కాగితం మీద కూడా వస్తాయి. కొందరు దీన్ని లోపం అనుకుని బంక పోస్తూ పోతారు. నేనైతే మందంగా పూసి, నెర్రెలు ఇవ్వనిస్తాను. నెర్రె ఎక్కడ మొదలై ఎటు పోతుందో ఎవరి చెయ్యీ నిర్ణయించలేదు, అది భూమి గీసిన గీత. కాకపోతే ఆ పనిని ముందుగానే దళసరి బోర్డుకు అతికించి చేయాలి, లేకపోతే కాగితం వంగి పెళ్లలు రాలిపోతాయి. దాన్ని గోడకు నిలబెట్టొద్దు. బల్ల మీద పడుకోబెట్టి, పైన అద్దం పెట్టె బోర్లించండి.

చేర్యాల పద్ధతి నేర్చుకున్న మీ మిత్రుడిని ఈ మట్టి పనిలో మధ్యలో కూర్చోబెట్టండి. వాళ్ల పటానికి బట్ట మీద వేసే పూతే సుద్దమట్టి, చింతగింజల జిగురు, గంజి. అంటే కథకు కింద నేల వేసుకుని, దాని మీద బొమ్మ వేస్తారు. 2016లో జిల్లాలు మారకముందు చేర్యాల వరంగల్ జిల్లాలోదే. బట్ట తీసుకురావచ్చా అని మీరు అడిగారు. షో పేరులో కాగితం ఉంది కాబట్టి కాగితమే ఉండనివ్వండి. అదే సుద్దపూత దళసరి కాటన్ కాగితం మీద పలచగా, ఒక పొర ఆరాక ఇంకో పొరగా వేయమనండి. బొమ్మ వేయకుండా పూత మాత్రమే ఉన్న షీట్ ఒకటి, సగం బొమ్మ ఉన్నది ఒకటి, పూర్తయినది ఒకటి, మూడూ పక్కపక్కన పెడితే చూడటానికి చాలా బాగుంటుంది. పూత వేసిన కాగితాన్ని చుట్టొద్దు, పలకగానే ఉంచాలి.

మట్టి గురించే ఇంకో మాట. వరంగల్ కోటలోనో, వేయిస్తంభాల గుడిలోనో, రామప్పలోనో శిల్పం మీద కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసుకుందామని ఎవరికో ఒకరికి తప్పకుండా అనిపిస్తుంది. చేయకండి. అవి పురావస్తు శాఖ రక్షణలో ఉన్న కట్టడాలు, 1958 నాటి చట్టం వాటికి వర్తిస్తుంది. చట్టం సంగతి అటుంచినా, ఎనిమిది వందల ఏళ్ల నాటి చెక్కడాన్ని మన షో కోసం రుద్దడం నాకు ఒప్పుకోబుద్ధి కాదు. అచ్చు కావాలంటే మీ ఇంటి బండలు, ఊరి బావి గట్టు, చెట్టు బెరడు చాలు.

నిప్పు దగ్గరికి వస్తే, కాగితం అంచులు కాల్చి పెట్టడం చాలాచోట్ల చూస్తాం. కాలిన అంచు రాలుతూనే ఉంటుంది, అద్దం లోపలంతా నల్లపొడి అవుతుంది. పైగా చూడగానే అయిపోతుంది, రెండోసారి చూడటానికి ఏమీ మిగలదు. నిప్పు వదిలివెళ్లిన వస్తువుతో పని చేయండి. ఆముదం దీపం మీద పళ్లెం బోర్లిస్తే పట్టే మసి కంటే నల్లనిది దొరకడం కష్టం. అది కార్బన్ కాబట్టి ఎండకు వెలవదు. నీళ్లలో కలవదు, ముందు రెండు చుక్కల స్పిరిట్ వేసి తడిపి తర్వాత బంకలో నూరాలి. మీ చార్‌కోల్ మిత్రులిద్దరూ కట్టెబొగ్గు సొంతంగా కాల్చుకోవచ్చు: సన్నటి పుల్లలను డబ్బాలో కుక్కి, మూత బిగించి, మూతకు చిన్న బెజ్జం పెట్టి, ఆరుబయట నిప్పుల్లో ఉంచాలి. బెజ్జం నుంచి పొగ ఆగిపోయాక తీసి, పూర్తిగా చల్లారాకే మూత తెరవాలి. ఒక్కో కట్టె బొగ్గు ఒక్కో నలుపు ఇస్తుంది. భూపాలపల్లి, గోదావరిఖని వైపు వాళ్లు ఎవరైనా ఉంటే రాక్షసి బొగ్గును మెత్తగా నూరి వాడి చూడమనండి. దాని నలుపులో గోధుమరంగు జీర ఉంటుంది. నూరేటప్పుడు మాస్క్ తప్పనిసరి.

సయనోటైప్ కూడా నా దృష్టిలో నిప్పు కిందికే వస్తుంది, సూర్యుడు చేసే పని కాబట్టి. 1842లో జాన్ హెర్షెల్ కనిపెట్టిన పద్ధతి ఇది. ఇనుము లవణాలు రెండు కలిపి కాగితానికి పూసి, ఎండలో పెట్టి, నీళ్లలో కడిగితే నీలం వస్తుంది. మన ఎండకు నిమిషాల్లో అయిపోతుంది. మీ మిత్రురాలికి చెప్పాల్సినవి రెండున్నాయి. బోరు నీళ్లలో సున్నం ఎక్కువ ఉంటే కడిగేటప్పుడే నీలం వెలిసిపోతుంది. మొదటి కడుగు నీళ్లలో కొంచెం నిమ్మ ఉప్పు గానీ వెనిగర్ గానీ వేసుకోవాలి, లేదా వాననీళ్లు పట్టుకోవాలి. రెండోది చాలామందికి తెలియదు. యాసిడ్ లేని మౌంట్ బోర్డుల్లో ఎక్కువ వాటికి కాల్షియం కార్బొనేట్ కలుపుతారు. మిగతా బొమ్మలకు అది మేలు, సయనోటైప్‌కు మాత్రం కీడు, ఎందుకంటే క్షారం తగిలితే ఆ నీలం చెడుతుంది. దానికి ఏమీ కలపని బోర్డు అడిగి తెప్పించండి.

నీటికి పెద్దగా చెప్పనక్కర్లేదు, వాటర్ కలర్ వాళ్లకు నా కంటే బాగా తెలుసు. ఒక సూచన మాత్రం. సిరా పూసి ఇంకా తడిగా ఉన్న షీట్‌ను తొలకరి చినుకుల్లో కొన్ని క్షణాలు పెట్టి లోపలికి తెచ్చేయండి. చినుకు పడ్డచోట సిరా పక్కకు జరిగి అంచు కడుతుంది. మృగశిర చినుకు మచ్చ, భాద్రపదం ముసురు మచ్చ ఒకేలా ఉండవు. తేదీ వేసి వరుసగా పెడితే అదొక వానాకాలం డైరీ అవుతుంది. ఇంకొకటి, మోదుగ పూల రంగు, తంగేడు రంగు వాడాలని ముచ్చట పడతారు. హోలీకి బాగుంటాయిగానీ వెలుతురుకు నిలవవు. వాడితే కొనేవాళ్లకు ఆ మాట ముందే చెప్పాలి.

గాలికి ఫ్రేము వద్దు. పలచటి చేతికాగితం మీద లినోకట్ అచ్చు వేసి, పై అంచు మాత్రం సన్నటి బద్దకు పట్టించి, గోడకు రెండు వేళ్ల దూరంలో వేలాడదీయండి. మనిషి పక్క నుంచి నడిచినా కదులుతుంది. లినో అచ్చుకు ప్రెస్ లేదని బాధపడొద్దు, పలచటి కాగితానికి స్టీలు గరిటె వెనకభాగంతో రుద్దితే ప్రెస్ కంటే చక్కగా వస్తుంది. అచ్చు కింద పెన్సిల్‌తోనే రాయాలి: ఎడమవైపు మొత్తం ఎన్ని కాపీల్లో ఇది ఎన్నోదో ఆ సంఖ్య, మధ్యలో బొమ్మ పేరు, కుడివైపు సంతకం. 20 కాపీలని రాశాక 21వది తీయకూడదు.

ఆకాశం దగ్గరే చాలామంది తడబడతారు, నీలం పూసేస్తారు. ఆకాశం అంటే చోటు. ఇక్కడ మీరు చూడాల్సింది బెంగాల్ శిల్పి, ప్రింట్ కళాకారుడు సోమనాథ్ హోర్‌ను. 1970ల్లో శాంతినికేతన్‌లో ఆయన చేసిన 'వూండ్స్' (గాయాలు) వరుసలో రంగు ఉండదు. తెల్లటి కాగితపు గుజ్జులోనే గాయాల్లాంటి గుంటలు, చీలికలు ఉంటాయి. తెలుపు మీద తెలుపు. పక్క నుంచి వెలుతురు పడితేనే కనిపిస్తాయి. అలాగే చిత్రకారిణి నస్రీన్ మొహమ్మదీ సిరా, పెన్సిల్ గీతలు చూడండి, గీత కంటే గీతల మధ్య చోటు ఎక్కువ మాట్లాడుతుంది. కాగితాన్ని ఖాళీగా వదలడానికి ఎంత ధైర్యం కావాలో వీళ్ల దగ్గర తెలుస్తుంది. మన దగ్గరి నుంచి చిత్రకారుడు లక్ష్మా గౌడ్ ఎచింగ్‌లు (లోహపు రేకు మీద గీసి తీసే అచ్చులు) చూడమంటాను. ఆకాశం కోసమని కాదు, తెలంగాణ పల్లె బండలను, చెట్లను నలుపు తెలుపుల్లో అంత దట్టంగా కాగితం మీదికి తెచ్చినవాళ్లు నాకు తెలిసి మరొకరు లేరు.

భూతానికో గోడ అన్న పద్ధతి మార్చండి. అలా పెడితే చార్టుల్లా అయిపోతుంది, పైగా ఒకే పనిలో నీళ్లు, మట్టి రెండూ ఉంటే ఎక్కడ పెట్టాలో తేలదు. తైత్తిరీయోపనిషత్తులో ఒక వరుస ఉంది: ఆకాశం నుంచి వాయువు, వాయువు నుంచి అగ్ని, అగ్ని నుంచి నీరు, నీటి నుంచి భూమి. దీనికి తోడు గుణాల లెక్క: ఆకాశానికి శబ్దం ఒక్కటే, గాలికి స్పర్శ కలుస్తుంది, నిప్పుకు రూపం, నీటికి రుచి, భూమికి వాసనతో కలిపి ఐదూ ఉంటాయి. మీ షో నడకకు ఇంతకంటే మంచి దారి నాకు కనిపించడం లేదు. గుమ్మం దగ్గర దాదాపు ఏమీ లేని తెల్ల కాగితాలు, ఒక్కొక్కటి చాలా ఎడంగా. తర్వాత కదిలేవి. తర్వాత నలుపులు, నీలాలు. ఆ తర్వాత నీటి మరకలు. చివర్లో మట్టి, దగ్గరదగ్గరగా, దట్టంగా. నడుస్తున్నకొద్దీ గది నిండుతున్నట్టు ఉండాలి. ఎవరి పని ఏ భూతం అన్నది గోడ మీద రాయక్కర్లేదు.

ఫ్రేముల విషయంలో మీ టెన్షన్ న్యాయమైనదే. గాలి పనులు, పడుకోబెట్టే మట్టి పనులు తప్ప మిగతావన్నీ అద్దం వెనకే ఉండాలి. మన దగ్గర పటాలు కట్టే షాపులవాళ్లకు చెయ్యి బాగా తిరిగి ఉంటుంది, కానీ వాళ్లు రోజూ కట్టేవి దేవుడి పటాలు, పెళ్లి ఫోటోలు. చెప్పకపోతే మీ బొమ్మను కూడా అలాగే అద్దానికి ఆనించి, వెనక గమ్ పూసి, సైజు సరిపోకపోతే అంచు కోసేస్తారు. అందుకని మౌంట్ మీరే కట్టుకుని, ఫ్రేము మాత్రం వాళ్లతో వేయించండి. కిటికీ కోసిన మౌంట్ బోర్డు పైన, బొమ్మ మధ్యలో, వెనక యాసిడ్ లేని ఇంకో బోర్డు. అద్దానికి, బొమ్మకు మధ్య ఆ కిటికీ మందమంత ఖాళీ ఉండి తీరాలి. ఆనితే తేమకు రంగు అద్దానికి అంటుకుంటుంది. బొమ్మను వెనక బోర్డుకు పై అంచున రెండుచోట్ల మాత్రమే, పలచటి జపనీస్ కాగితం ముక్కలతో, గోధుమ స్టార్చ్ జిగురుతో పట్టించండి. నాలుగు వైపులా అతికిస్తే కాగితం సాగినప్పుడు పోవడానికి చోటు లేక మధ్యలో ఉబ్బుతుంది. సెల్లోటేప్, మాస్కింగ్ టేప్ దగ్గరికి రానివ్వొద్దు. వాటి జిగురు పచ్చబడి కాగితంలోకి ఇంకితే తీయడం ఎవరి తరమూ కాదు. మైదా ఉడికించి పురుగు పట్టకుండా మైలుతుత్తం కలిపే అలవాటు మన బైండింగ్ షాపుల్లో ఉంది. అది కూడా వద్దు, అందులోని రాగి కాగితాన్ని లోపలి నుంచి తినేస్తుంది. చార్‌కోల్ పనులకు మామూలు అద్దమే వేయించండి. యాక్రిలిక్ షీట్ తేలికే గానీ దానికి కరెంటు పుట్టి పొడిని లాగేసుకుంటుంది.

వేలాడదీసే రోజు ముందు అన్నీ నేల మీద పరిచి వరుస చూసుకోండి. బొమ్మ మధ్యభాగం నేల నుంచి 57, 58 అంగుళాల ఎత్తులో ఉంటే నిలబడి చూసేవాళ్లకు హాయిగా ఉంటుంది. పై అంచులు కలపాలని చూడకండి, మధ్యలు కలపండి. బయటి గోడకు చెమ్మ ఉందేమో అరచేయి ఆనించి చూడండి. అనుమానం ఉంటే ఫ్రేము వెనక నాలుగు మూలలా చిన్న కార్క్ ముక్కలు అతికించి గాలి ఆడనివ్వండి. వెలుతురు విషయంలో కాగితం పనులకు మ్యూజియంలు పెట్టుకునే హద్దు 50 లక్స్ (లక్స్ అంటే వెలుతురు కొలత). ఫోన్‌లో లక్స్ మీటర్ యాప్ ఉజ్జాయింపుగా చూపిస్తుంది. అంత తక్కువ మీకు కుదరకపోవచ్చు, కొద్ది రోజుల షోకు కాస్త ఎక్కువైనా పర్లేదు. పడమటి కిటికీ నుంచి సాయంత్రం ఎండ మాత్రం ఒక్క పని మీద కూడా పడకూడదు, ఎందుకంటే వెలుతురు చేసే నష్టం కూడుతూ పోతుందే కానీ తగ్గదు. హాలు 2024లో ప్రారంభమైన కాళోజీ కళాక్షేత్రం లాంటి పెద్ద చోటు అయినా, కాలేజీ సెమినార్ గది అయినా అడగాల్సినవి ఇవే: చెమ్మ, కిటికీలు, గోడకు మేకు కొట్టనిస్తారా, రాత్రి తాళం ఎవరి దగ్గర.

లేబుల్ తెలుగులో రాయండి. పేరు, బొమ్మ పేరు, దేనితో చేశారు, ఎత్తు × వెడల్పు, సంవత్సరం. ధరలు గోడ మీద వద్దు, ఒక కాగితం మీద రాసి బల్ల దగ్గర పెట్టండి. ఎనిమిది మందీ కూర్చుని ఒకే లెక్క పెట్టుకోండి: ఫుల్ షీట్‌కు ఇంత, సగం షీట్‌కు ఇంత, అచ్చు కాపీకి అందులో ఇంత భాగం. ఫ్రేము ఖరీదు వేరుగా చూపించండి, కొందరు బొమ్మ మాత్రమే తీసుకుంటారు. తెలిసినవాళ్లకు ఒక ధర, తెలియనివాళ్లకు ఒక ధర పెడితే గ్రూపులో మాట పడుతుంది. అమ్మిన ప్రతిదానికీ బిల్లుతో పాటు ఏ కాగితం, ఏ రంగు, ఎండ తగలని గోడకు పెట్టాలని రాసిన చీటీ ఇవ్వండి.

హాలు ఖాయమయ్యాక గోడల కొలతలు, కిటికీలు ఏ దిక్కున ఉన్నాయో ఇక్కడే రాయండి. ఎన్ని పనులు పడతాయో, మట్టి బల్ల ఎక్కడ వేయాలో చూసి చెప్తాను. సయనోటైప్‌కు తగిన బోర్డు ఇక్కడి షాపుల్లో సులభంగా దొరకదు, హైదరాబాద్ నుంచి తెప్పించుకోవాలి కాబట్టి దానికి మాత్రం ఇప్పుడే చెప్పిపెట్టండి.